నీళ్లలో విడిపోయిన చెక్క

డెబోరా షెడ్డు తాళం తీసి పక్కకు తప్పుకుంది.

"నేను లోపలికి రాలేను మేడమ్. మీరు చూడండి. ఏమైనా అడగాలంటే ఇక్కడే ఉంటాను."

పైడితల్లి వెంటనే లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మంలో నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, ముందు నేలంతా ఒకసారి చూసుకుంది. పోలీసు ఉద్యోగంలో అబ్బిన అలవాటది. హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా ఉద్యోగం వదిలేసి అనకాపల్లిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినప్పుడు చుట్టాలంతా నవ్వారు. ఇన్నాళ్లూ ఆమె దగ్గరికి వచ్చినవి పెళ్లి సంబంధాల వాకబులు, ఇల్లు వదిలిపోయిన మనుషుల ఆచూకీలు. చావు కేసు ఇదే మొదటిది.

చనిపోయింది డెబోరా తండ్రి దేవకుమార్. ఐ.టి.ఐ.లో కార్పెంటరీ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. చోడవరంలో అందరికీ ఆయన మాస్టారు. గురువారం సాయంత్రం డెబోరా రావికమతంలో తను పాఠాలు చెప్పే స్కూలు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఈ షెడ్డులో, పడిపోయిన ప్లైవుడ్ షీట్ల కింద బోర్లా పడి ఉన్నాడు. పోలీసులు అనుమానాస్పద మృతిగా రాసుకుని పోస్ట్‌మార్టం రిపోర్టు కోసం చూస్తున్నారు. ఊరు మాత్రం అంతవరకూ ఆగలేదు. ముసలాయన ఒంటరిగా బరువులు కదపబోయాడు, మీద పడ్డాయి, అంతే అని తేల్చేసింది.

"ప్రమాదం కాదని నీకెందుకనిపించిందమ్మా?" అని పైడితల్లి గుమ్మంలోంచే అడిగింది.

"నాన్న దగ్గర పని నేర్చుకున్న పిల్లలు జిల్లా అంతా ఉన్నారు మేడమ్. ఒక్కడికి వేలు తెగలేదు. చెక్కని ఎలా నిలబెట్టాలో, ఎలా ఎత్తాలో చెప్పాకే ఉలి చేతికిచ్చేవారు. అలాంటి మనిషి మీద షీట్లు వాటంతటవి పడ్డాయంటే నేను నమ్మలేను."

పైడితల్లికి కూతుళ్ల నమ్మకాల మీద పెద్ద నమ్మకం లేదు. డెబోరా కళ్ల కింద నలుపును, తాళం చెవిని నలిపేస్తున్న వేళ్లను గమనించి లోపలికి నడిచింది. ఈ అమ్మాయి కూడా ఆమె అనుమానాల్లోంచి ఇంకా బయటపడలేదు.

షెడ్డు మధ్యలో పెద్ద బల్ల. దాని మీద మందపాటి ప్లైవుడ్‌తో కోసిన ఒక అచ్చు ఉంది. నడుము సన్నంగా, కింద వెడల్పుగా ఉన్న ఆ ఆకారాన్ని చూస్తే ఒక మనిషి పడుకున్నట్టే ఉంది.

"ఏటిది?"

"డబుల్ బేస్ మేడమ్. వయొలిన్‌లాంటిదే, కాని మనిషికంటే ఎత్తుగా ఉంటుంది, నిలబెట్టి వాయిస్తారు. మా చర్చిలో పాతది ఒకటుండేది. గట్టి చెక్కతో చేసింది. మన ఎండలకి బీట వేసేది, వానలకి ఉబ్బేది. నాన్న అతుకులు వేసీ వేసీ చివరికి కొత్తది తనే చేస్తానన్నారు. ఈసారి ప్లైవుడ్‌తో. పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అతికి ఉంటాయి కదా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, కాలం మారినా కదలవు అనేవారు."

"ప్లైవుడ్ అయితే ఏ షాపులోనైనా దొరుకుద్ది కద."

"అందరూ అదే అన్నారు. నాన్నకి మాత్రం ఏదీ నచ్చేది కాదు. ముక్క తెచ్చి చెవి దగ్గర పెట్టుకుని వేలి ముడితో కొట్టేవారు. లోపలి పొరల్లో ఎక్కడైనా ఖాళీ ఉంటే తీగ మీటినప్పుడల్లా అది జరజరమంటుందట. మందం ఎక్కువైతే గొంతు రాదు, తక్కువైతే తీగల లాగుడికి నిలవదు. పల్చటి షీటు కోసం విశాఖపట్నం కూడా తిరిగొచ్చారు."

బల్ల పైన గోడకి ఒక తాడు కట్టి ఉంది. దానికి దారాలతో ప్లైవుడ్ ముక్కలు వేలాడుతున్నాయి. కొన్ని చక్కగా ఉన్నాయి. కొన్ని అంచుల దగ్గర పొరలు విడిపోయి, ఎండిన అరిటాకుల్లా వంకర్లు తిరిగాయి. మూలనున్న పొయ్యి మీద పెద్ద అల్యూమినియం గిన్నె ఉంది.

"ఇవి?"

"ఉడకబెట్టినవి. బేస్‌కి పక్క పట్టీలు వంచాలంటే చెక్కని వేడి నీళ్లలో తడపాలి. అప్పుడు జిగురు వదిలేస్తే చేసిన పనంతా పాడు. అందుకని ఏ చెక్కయినా ముందు ముక్క కోసి ఉడకబెట్టి చూసేవారు. పల్చటి చెక్కే కాదు, అచ్చుకి వాడే మందపాటి చెక్క కూడా. తడి పట్టీలు దానికే కదా బిగిస్తారు. మాస్టారు చెక్క వండుకుంటున్నారని వీధిలో వెక్కిరించేవారు."

పైడితల్లి దారాలు ఒక్కొక్కటిగా పట్టుకుని చూసింది. చివరి దారానికి ముక్క లేదు. ముడి మాత్రం గట్టిగా ఉంది. ముడి విప్పి తీసి ఉంటే అది మిగలదు. పొరలు విడిపోయిన ముక్కను ఎవరో పట్టి లాగేశారు.

గిన్నెలోకి తొంగి చూసింది. బయట మసి అట్టలు కట్టి ఉంది. లోపల మాత్రం ఇసుకతో తోమినట్టు తళతళలాడుతోంది.

"ఈ గిన్నె ఎవరు కడిగేరు?"

"నేనైతే ముట్టుకోలేదు. నాన్న ఎప్పుడూ కడిగేవారు కాదు, మళ్లీ అందులోనే కదా పెట్టేది అనేవారు."

పైడితల్లి బల్ల చుట్టూ తిరిగింది. అచ్చుకి ఒక పక్కన వంచిన పట్టీ బిగించి ఉంది. దాని వెంట సగం దూరం, అతుకు కదలకుండా బిగించే క్లాంపులు వరసగా ఉన్నాయి. మిగతా సగంలో జిగురు పూసి ఉంది గాని క్లాంపు లేదు. జిగురు గాలికి ఎండి గాజు పెంకులా అయింది. పక్కనే క్లాంపులు విప్పి సిద్ధంగా పెట్టి ఉన్నాయి.

"జిగురు పూసేక ఎంతసేపట్లో బిగించాలమ్మా?"

"పది నిమిషాలు కూడా ఆగకూడదు. జిగురు పూస్తున్నప్పుడు నాన్న ఫోనే ఎత్తేవారు కాదు."

"అయితే ఆ పని మజ్జిలో వదిలేసి ఆ మూలకి వెళ్లి బరువైన షీట్లు కదిపేరని మనం అనుకోవాల."

డెబోరా తల ఎత్తి ఆమెను చూసింది. రెండు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

మూలన షీట్లు ఒకదాని మీద ఒకటి నేల మీద పరిచి ఉన్నాయి. మాస్టారి మీంచి తీసి అలా పెట్టారట. మందపాటి షీట్లు. అంచుల మీద నల్ల సిరాతో 'మెరైన్ గ్రేడ్' అనే ముద్ర. అవి అంతకుముందు నిలబెట్టి ఉన్న చోట, గోడకి మూరెడు దూరంలో నేలకి ఒక అడ్డు చెక్క బోల్టులతో బిగించి ఉంది. షీట్ల అడుగు జారకుండా ఆపే చెక్క. పైడితల్లి కాలితో తన్ని చూసింది. కదల్లేదు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది.

"ఏమ్మా పైడితల్లీ, పెళ్లి సంబంధాలు తగ్గాయా?"

గొంతు వినగానే ఆమె వెన్ను దానంతటది నిటారైంది. దిలీప్. ఒకప్పుడు ఆమె పై ఎస్.ఐ. ఇప్పుడు విశాఖపట్నంలో ఏసీ ఆఫీసు పెట్టుకున్న ప్రైవేట్ డిటెక్టివ్. ఆయన వెనకాలే, నుదుటి చెమట తుడుచుకుంటూ ప్లైవుడ్ షాపు సత్యారావు దిగాడు.

"నమస్తే సార్. మీరిటు వచ్చేరేటి?"

"సత్యారావుగారు పిలిచారు. ఈయన సరుకు మీద పడి మనిషి పోయాడని ఊళ్లో వ్యాపారం దెబ్బతింది. ప్రమాదమని రిపోర్టు రాసిస్తే గొడవ వదులుతుంది. నువ్వు ఇందులో చేయి పెట్టావని తెలిసి వచ్చాను."

"రిపోర్టు రాయడానికి వచ్చేరా, సూడ్డానికి వచ్చేరా?"

దిలీప్ నవ్వు కొంచెం తగ్గింది. "చూడ్డానికేముంది? ముసలాయన వరసలోంచి ఒక షీటు లాగాడు. మిగతావి జారాయి."

"జారితే అడుగు ముందుకొస్తాది. ఇదిగో, ఈ అడ్డు చెక్క సూడండి. షీట్ల అడుగు దీని వెనకుంది. దీన్ని పీక్కోకుండా జారడం కుదరదు. ఇంత వాలుగా నిలబెట్టినవి ముందుకి పడాలంటే వెనకనుంచి ఎవరో తొయ్యాల."

"వెనక గోడ ఉంది పైడితల్లీ. గోడలోంచి వచ్చి తోశారా?"

"వాలుగా పెడితే గోడకీ షీటుకీ మజ్జిన సందుంటది. ఇటు రండి."

ఆమె టార్చి వెలిగించి గోడ మీదకి పట్టింది. భుజం ఎత్తున సున్నం లేచిపోయి, జానెడు పొడవున గీత పడింది. దాని కింద, రంపపు పొట్టు మీద తెల్లటి సున్నం పొడి చెక్కు చెదరకుండా ఉంది.

"పక్కనుంచి కర్ర గెడ దూర్చి గోడకి ఆనించి ఎత్తేరు. గెడ ఒరుసుకున్న సోటది. సున్నం పొట్టు మీద పడిందంటే పొట్టు రాలినాకే గీత పడింది. మాస్టారు రోజూ ఊడ్చుకునే మనిషని డెబోరా సెప్పింది. అంటే ఆ గీత గురువారం నాటిదే."

దిలీప్ వంగి చూశాడు. లేచి, మోకాలి దుమ్ము దులుపుకుని, "ఒక గీత పట్టుకుని హత్య అంటావు. నా కింద పనిచేసినప్పుడూ ఇంతే. ఉన్నది చాలక లేనిది కూడా వెతికేదానివి," అన్నాడు.

"మీరు ఉన్నది కూడా సూసీవోరు కాదు సార్."

ఆ మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. యూనిఫాం వేసుకున్నన్నాళ్లూ నోట్లోనే ఉండిపోయిన మాట అది. దిలీప్ ముఖం ఎర్రబడింది. ఆమె అటు చూడకుండా సత్యారావు వైపు తిరిగింది.

"మీకూ మాస్టారికీ తగూ అయిందంట కద."

"తగూ అని కాదండి," సత్యారావు దిలీప్ వంక చూసి మళ్లీ మొదలుపెట్టాడు. "మాస్టారు షాపుకొస్తే షీటు షీటూ వేలితో కొట్టి సూసీవోరు. ఇది గుల్ల, ఇది పనికిరాదు అని కొనీవాళ్ల ముందే అనీవోరు. ఒకసారి నేను కోప్పడ్డాను. వాయిద్యానికి చెక్క నా దగ్గరేటి, మీరు ఇంకెక్కడైనా సూసుకోండి అన్నాను. అంతే. ఈ షెడ్డులోకి ఇవేల రావడమే మొదలు, ఒట్టు."

"గురువారం మజ్జాన్నం ఎక్కడున్నారు?"

"షాపులోనే. కెమెరా ఉంది, సూసుకోండి."

"నేను చూశాను," అన్నాడు దిలీప్. "ఆయన కౌంటరు వదల్లేదు."

పైడితల్లి ఆ సమాధానాన్ని అలాగే ఉంచి, మూలనున్న వెదురు బుట్ట దగ్గర కూర్చుంది. చిత్రిక పొట్టు పోసే బుట్ట. చెయ్యి లోపలికంటా పెట్టి తిప్పింది. పైనంతా పల్చగా, చుట్టలు చుట్టుకున్న చిత్రిక పొట్టు. అడుగున చేతికి వేరేదేదో తగిలింది. బయటికి తీసింది. అరచేతి వెడల్పు పొరలు. చిత్రిక పట్టిన చెక్క ఇంత మందంగా రాదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి జిగురు ఘాటు. పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టుకునేసరికి మందపాటి షీటు ముక్క తయారైంది. పై పొరకి దారం దూర్చిన రంధ్రం, అంచు దాకా చిరిగి ఉంది. అంచుల మీద సగం సగం నల్ల సిరా.

"ఇదేనమ్మా ఆ దారానికుండవలసిన ముక్క," అంది డెబోరాతో. డెబోరా తనకు తెలియకుండానే గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది.

పైడితల్లి నేల మీది షీటు దగ్గరికి వెళ్లి, ఎంగిలి చేసిన బొటనవేలితో 'మెరైన్ గ్రేడ్' ముద్రను గట్టిగా రుద్దింది. అక్షరాలు చెదిరి వేలికి నల్లగా అంటుకున్నాయి.

సత్యారావు ముఖంలో రంగు మారింది. ఆయన కూడా కూర్చుని షీటు అంచు తడిమాడు.

"ఇది నా సరుకే. కాని ఈ ముద్ర నాది కాదండి. ఇది మామూలు కమర్షియల్ రకం, ఇంట్లో అలమరాలకి వాడుకునేది. తడి తగిలితే పొరలు ఊడిపోతాయి. నేను అదే సెప్పి అమ్మేను. మెరైన్ గ్రేడంటే నీళ్లలో ఉడకబెట్టినా విడదు, దాని సంగతి వేరు."

"ఎవరికి అమ్మేరు?"

సత్యారావు డెబోరా వైపు చూసి తల దించుకున్నాడు. "ప్రిన్స్‌కి."

"బావకా?" అంది డెబోరా.

ప్రిన్స్ అంటే దేవకుమార్ మేనల్లుడు. చర్చిలో పాటలు పాడే బృందానికి, క్వాయర్ కి లీడరు. చిన్న చిన్న బిల్డింగు కాంట్రాక్టులు చేస్తాడు. ఈ వివరాలు డెబోరా చెబుతుండగా పైడితల్లి ఆమె చేయి పట్టుకుంది.

"ఈ షీట్లు మీ నాన్నకి ఎవరిచ్చేరు?"

"బావే. చర్చి హాల్లో క్వాయర్‌కి నిలబడి పాడ్డానికి ఎత్తుగా గ్యాలరీ కట్టాడు. మిగిలిన షీట్లు, మావయ్యా నీ అచ్చుకి పనికొస్తాయని తెచ్చి ఇక్కడ పెట్టాడు. మెరైన్ గ్రేడ్ వేశాను, కలకాలం ఉంటుందని చర్చిలో అందరి ముందూ చెప్పాడు."

"గ్యాలరీకి తడి తగిలే అవకాశం ఉందా?"

డెబోరా పైడితల్లి చేతిని గట్టిగా పట్టుకుంది. "పోయిన వానలకి హాలు రేకులు కారాయి. గ్యాలరీ మీద నీళ్లు నిలిచాయి. ఆరాక పైన తివాచీ పరిచేశారు. రేపు ఆదివారం ప్రతిష్ఠ మేడమ్. ఇప్పుడు అందరూ అక్కడే ప్రాక్టీసులో ఉన్నారు. చిన్నపిల్లలు కూడా."

పైడితల్లి షేర్ ఆటోలో వచ్చింది. డెబోరాది స్కూటీ. పైడితల్లి దిలీప్ చేతిలోని కారు తాళాల వైపు చూసింది.

"ఇదంతా ఊహ," అన్నాడు దిలీప్. అయినా అప్పటికే కారు వైపు నడుస్తున్నాడు. "పద. నీ ఊహ తప్పని అక్కడే చూపిస్తాను."

సత్యారావుని షెడ్డు దగ్గరే ఉంచి ముగ్గురూ బయల్దేరారు. దారిలో డెబోరా ప్రిన్స్‌కి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

హాలు మెట్ల దగ్గరికి వచ్చేసరికే పాట వినిపించింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లిన పైడితల్లికి ముందు కనిపించింది గ్యాలరీ. వెనక గోడకి ఆనించి, మనిషి ఎత్తుకి పైన, ఎర్ర తివాచీ పరిచిన అంతస్తు. దాని మీద ముప్పై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో చిన్నపిల్లలు, వెనక ఆడవాళ్లు, మగవాళ్లు. పాట ఊపులో పిల్లలు కాలి మడమలతో తాళం వేస్తున్నారు.

ప్రిన్స్ కింద, నేల మీద నిలబడి గిటారు వాయిస్తూ తల ఊపుతున్నాడు.

పైడితల్లి అతని దగ్గరికి పోలేదు. గ్యాలరీ మెట్ల దగ్గరికి వెళ్లి, పరేడ్ గ్రౌండ్‌లో పనికొచ్చిన గొంతుతో, "పాట ఆపండి. ఎవరూ పరిగెత్తొద్దు. ఒకరెనక ఒకరు గోడవార నుంచి దిగండి. పిల్లలు ముందు," అంది.

పాట ముక్కలై ఆగిపోయింది. అందరూ ప్రిన్స్ వైపు చూశారు.

"ఎవరండీ మీరు?" అన్నాడు ప్రిన్స్. "ప్రాక్టీసు నడుస్తంది, కనబడతలేదా?"

"బావా, దింపేయ్ వాళ్లని," అంది డెబోరా వెనకనుంచి.

ఆమె గొంతు విని గ్యాలరీ మీది ఆడవాళ్లు కదిలారు. నిన్ననే తండ్రిని మట్టిలో పెట్టిన పిల్ల మాట కాదనలేక పిల్లల చేతులు పట్టుకుని మెట్ల వైపు నడిచారు. పైడితల్లి ఒక్కొక్కరినీ భుజం పట్టి దింపింది. దిలీప్ చేతులు కట్టుకుని మెట్ల పక్కన నిలబడ్డాడు.

"ఇంతమంది ఎగిరినా ఏం కాలేదు. చూశావా?" అన్నాడు.

చివరగా మిగిలింది వరమ్మ. క్వాయర్‌లో అందరికంటే పెద్దావిడ. మోకాళ్ల నొప్పితో గోడవార నడవలేక, తివాచీ మధ్యలోంచి తిన్నగా మెట్ల వైపు వచ్చింది. రెండో అడుగుకి తివాచీ ఆమె కాలి కింద గుంటలా దిగింది. కింద పటపటమని, తడి అట్టలు చిరిగినట్టు శబ్దం. వరమ్మ ముందుకి తూలింది. పైడితల్లి దిగిన పిల్లల్ని పక్కకి పంపుతోంది. మెట్లకి దగ్గరగా ఉన్నది దిలీప్. రెండంగల్లో పైకెక్కి ఆవిడ చేయి దొరకబుచ్చుకుని తన వైపు లాగేశాడు. ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. ఆవిడ నిలబడిన చోట తివాచీ లోపలికి జారి, కింద ఖాళీలో వేలాడింది.

 ఒక చిన్నపిల్ల తల్లి చీర పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది.

పైడితల్లి గ్యాలరీ కిందకి వంగి చెయ్యి పెట్టింది. ఆమె చేతిలోకి చెక్క పొరలు పొరలుగా, నానిన అట్టలా ఊడి వచ్చింది. దాన్ని దిలీప్‌కి అందించింది. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నిదానంగా జేబురుమాల్లో చుట్టుకున్నాడు.

"ఒక సోట మేకులు వదులైనట్టున్నాయి," అన్నాడు ప్రిన్స్. గిటారు ఇంకా మెడలోనే ఉంది. "మిగతాదంతా బాగానే ఉంది. సాయంత్రానికి సరి సేయించెస్తాను. అది మెరైన్ గ్రేడు, గ్యారంటీ నాది."

"గురువారం మజ్జాన్నం ఎక్కడున్నావు బాబూ?"

"రోలుగుంటలో. సైటు దగ్గిర. పోలీసులకి కూడా సెప్పేను. మావయ్య పోయిన సంగతి నాకు అక్కడే తెలిసింది."

"మరి ఇందాకట్నుంచి సూస్తన్నాను. అందరూ పైనున్నారు, నువ్వొక్కడివే కిందున్నావు."

"లీడర్ని కదండీ. ఎదురుగా నిలబడాల."

"ఇప్పుడు పాట లేదు కద. ఇటు ఈ పక్క బాగుందన్నావు. గ్యారంటీ నీదే అన్నావు. ఎక్కి ఒక్కసారి నిలబడు. నేను వీళ్లందరికీ క్షమాపణ సెప్పుకుని పోతాను."

ప్రిన్స్ నవ్వబోయాడు. చుట్టూ చూశాడు. పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, మోకాలు రాసుకుంటున్న వరమ్మ, అందరూ అతన్నే చూస్తున్నారు. అతను గిటారు బెల్టు సర్దుకున్నాడు.

"నేనెందుకెక్కాలి? మీరెవరు నాకు సెప్పడానికి?"

డెబోరా ముందుకి వచ్చింది. "నేను చెబుతున్నాను బావా. ఎక్కు."

అతను గిటారు తీసి కుర్చీలో పెట్టాడు. మెట్ల దాకా నడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెయిలింగు పట్టుకుని పైకి చూశాడు. తివాచీ దిగిపోయిన చోటు అక్కణ్నుంచి చీకటి గొయ్యిలా కనిపిస్తోంది. తర్వాత కాలు వెనక్కి తీసేశాడు.

"మావయ్య కూడా ఇదే మాటన్నాడు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "ఎక్కి నిలబడరా, నువ్వు నిలబడితే నేను నోరు మూసుకుంటాను అన్నాడు."

"ఎప్పుడు?" అని పైడితల్లి చాలా మెల్లగా అడిగింది.

ప్రిన్స్ రెయిలింగు వదిలేశాడు. తను ఏమన్నాడో అప్పటికి గాని అతనికి తట్టలేదు.

"గురువారం," అంది పైడితల్లి. "మాస్టారు జిగురు పూస్తన్నారు. నువ్వొచ్చేవు. ఆ పని వదిలేసి నీకు ఆ ముక్క సూపించేరు. అవునా?"

"నన్ను ఆ దారం కాడికి లాక్కెల్లి విడిపోయిన పొరలు నా మొకం ముందు పెట్టేడు." ప్రిన్స్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. "పద, ఇప్పుడే పాస్టరుగారికి సెప్పు అన్నాడు. కొత్త చెక్క వేస్తాను, ఒక్క నెల ఆగు మావయ్యా అన్నాను. పిల్లలు ఎక్కుతారురా, ఒక్క రోజు కూడా ఆగను అన్నాడు. షీట్ల మీద ముద్రలు సూడ్డానికి అటు వంగేడు. గెడ నా పక్కనే ఉంది. భయపెడదామనే అనుకున్నాను. అన్నీ ఒక్కసారే పడిపోతాయని నాకు తెలీదు."

"పడ్డాక?" అంది డెబోరా. "పడ్డాక నాన్న పిలిచారా నిన్ను?"

అతను తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. హాలు మధ్యలో నిలబడి ఫోను తీసి తనే పోలీసులకు డయల్ చేసింది. తండ్రి పేరు, చర్చి పేరు, ప్రిన్స్ పేరు తప్పు లేకుండా చెప్పింది. క్వాయర్‌లోని మగవాళ్లు వెళ్లి తలుపులు వేశారు.

పైడితల్లి ప్రిన్స్ వైపు చూసింది. మొదటి చావు కేసు తేలిందన్న సంతోషం ఎక్కడా లేదు. ఆ మెట్టు మీద కూర్చున్నవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. గిన్నె తోమి, దారం మీది ముక్క లాగి బుట్టలో దాచినవాడు, మర్నాడు మావయ్య శవపేటిక భుజాన మోసి ఉంటాడు. అదంతా ఒక్క గ్యాలరీ కోసమేనా అన్న ఆలోచన వచ్చి ఆమె ఆగిపోయింది. గ్యాలరీ చెక్క మారిస్తే సరిపోయేదానికి ఒక నెల గడువెందుకు అడిగాడు?

ఆమె అతని ఎదురుగా వంగింది.

"నెల రోజులు ఎందుకడిగేవు? ఈ సరుకు ఇంకెక్కడ వేసేవు?"

ప్రిన్స్ కళ్లు మూసుకున్నాడు. దిలీప్ వచ్చి అతని భుజం పట్టి కుదిపాడు. "చెప్పు."

"చీడికాడలో," అన్నాడు. "ట్యూషన్ సెంటరు. కింద సోటు సాలక, రేకుల కింద పైన ఇంకో అంతస్తు వేసేను. బెంచీలు అన్నీ పైకి ఎక్కించేరు."

"అక్కడా కారిందా?"

"కొండవార కద. అక్కడ ఇంకా ఎక్కువ కురిసింది."

"ఎప్పట్నుంచి కూర్చుంటన్నారు పైన?"

"ఇవేలే మొదలు. శనివారం కద, బడి నుంచి తిన్నగా వచ్చేస్తారు. సుమారు..." అతను ఆపేశాడు.

దిలీప్ అప్పటికే కారు స్టార్టు చేశాడు. పైడితల్లి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసే లోపే కారు కదిలింది. ఇద్దరి మధ్యా ఇందాకటి మాటలేవీ మిగల్లేదు. "నంబరు తీసుకున్నావా?" అని మాత్రం అడిగాడాయన.

ప్రిన్స్ ఫోనులో చూసి డెబోరా రాసిచ్చిన నంబరు ఆమె అప్పటికే నొక్కింది. ఫోను స్పీకర్లో పెట్టి ఒళ్లో ఉంచుకుంది. అవతల మోగింది. చాలాసేపు మోగాక ఎవరో ఆడపిల్ల ఎత్తింది.

"సార్ కింద ఉన్నారండీ," అంది ఆ పిల్ల. వెనక ఒకటే సందడి, బెంచీలు జరుపుతున్న చప్పుడు. "మేమందరం పైనున్నాం. కింద ఏదో విరుగుతున్నట్టు చప్పుడొస్తంటే సూడ్డానికి వెళ్లేరు."